పాత కారు, పాత లెక్క: పశ్చిమ ప్రకాశంలో డీజిలా, పెట్రోలా?

2012 మే నెలాఖరులో ఢిల్లీ బంకుల్లో లీటరు పెట్రోలు 73 రూపాయల 18 పైసలకు చేరింది. పక్క పంపులో డీజిల్ 40 రూపాయల 91 పైసలే. అంటే లీటరుకు 32 రూపాయల పైచిలుకు తేడా. ఆంధ్రలో పన్నుల వల్ల రెండు ధరలూ ఇంకాస్త ఎక్కువే గానీ, మధ్యలో గండి మాత్రం ఇక్కడా అంత పెద్దదే. ఆ రోజుల్లో దేశంలో కొత్తగా కారు కొన్నవాళ్ళలో సగానికి పైగా డీజిల్ బండే తీసుకున్నారు. అలా రోడ్డెక్కిన స్విఫ్టులు, డిజైర్లు, ఇండికాలు, ఎతియోసులు ఇప్పుడు రెండో చేతికో మూడో చేతికో మారి ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు సెకండ్ హ్యాండ్ షెడ్లలో వరసగా నిలబడి ఉన్నాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు నుంచి పాత కారు కోసం వెళ్ళేవాళ్ళ కళ్ళు మొదట వాటి మీదే పడతాయి.

ఈ పడమటి ప్రాంతంలో కారు కొనేది ఎక్కువగా దూరం కోసమే. మార్కాపురంలో కాపురం, కంభం దగ్గర బడి. గిద్దలూరులో ఇల్లు, నంద్యాలలో ఉద్యోగం. కోర్టు పనికో ఆస్పత్రికో ఒంగోలు వెళ్ళాలంటే మార్కాపురం నుంచి పొదిలి మీదుగా వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మరి ఏ బండి కొనాలని అడిగితే మెకానిక్కు దగ్గర్నుంచి బావమరిది దాకా అందరిదీ ఒకటే మాట: "రోజూ తిరిగే బండయితే డీజిలే."

2012లో ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే అందులో ఒక పాలు భౌతికశాస్త్రానిది, రెండో పాలు ఢిల్లీలో కూర్చుని ధరలు నిర్ణయించినవాళ్ళది. రెండో పాలు చాలావరకు కరిగిపోయింది. మొదటిది అలాగే ఉంది కానీ, అది బండి పేరును బట్టి కాక తిరిగే తీరును బట్టి ఫలితమిస్తుంది. కాబట్టి ముందు ఇంజను సంగతి చూడాలి.

కరెంటు మోటార్లు రాకముందు ఈ మెట్ట ప్రాంతపు బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. హ్యాండిల్ పెట్టి గిరగిరా తిప్పి, ఊపందుకున్నాక లీవరు వదిలితే డబడబమంటూ అందుకునేవి. వాటిలో ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ ఉండదు. ఉన్నదల్లా ఒత్తిడి. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగుభాగం వేడెక్కడం ఎవరికైనా అనుభవమే. గాలిని ఇరుకు చోట్లోకి నెట్టేకొద్దీ దాని వేడి పెరుగుతుంది. డీజిల్ ఇంజనులో పిస్టన్ గాలిని పదిహేను, ఇరవై వంతులు కుదిస్తుంది. దాంతో ఆ గాలి వందల డిగ్రీలకు, డీజిల్ తనంతట తాను అంటుకునే వేడిని ఎంతో దాటిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంజెక్టరు డీజిల్‌ను మంచులాగా చిమ్ముతుంది. చిమ్మింది చిమ్మినట్టే అంటుకుంటుంది.

జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఈ పద్ధతికి 1890ల తొలినాళ్ళలో పేటెంటు తీసుకుని, 1897 నాటికి పనిచేసే ఇంజనును నిలబెట్టాడు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఈ రకం ఇంజను ఒకదాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అప్పటికి డీజిల్ అనే ఇంధనం ఇంకా ఇంజను పేరుతో స్థిరపడనే లేదు. చిక్కటి నూనె ఏదైనా ఆ ఇంజనుకు తిండే.

పెట్రోలు ఇంజను దీనికి అన్నే కానీ స్వభావం వేరు. నికోలాస్ ఆటో నాలుగు దశల ఇంజను 1876 నాటిది. ఇందులో ఇంధనం, గాలి కలిసిన మిశ్రమాన్ని కుదించి, స్పార్క్ ప్లగ్గుతో అంటిస్తారు. మిశ్రమాన్ని మరీ ఎక్కువగా కుదిస్తే ప్లగ్గు అంటించిన మంట చేరకముందే అది అక్కడక్కడా తనంతట అంటుకుని ఇంజను 'టకటక' కొట్టుకుంటుంది. అందుకే కుదింపు పది, పన్నెండు వంతుల దగ్గర ఆగుతుంది. ఎంత ఎక్కువ కుదిస్తే మండినప్పుడు పుట్టిన వేడిలో అంత ఎక్కువ భాగం చక్రానికి చేరుతుంది గనుక, డీజిల్‌కు మొదటి లాభం ఇక్కడే.

రెండోది అంతగా ఎవరూ చెప్పుకోనిది. పెట్రోలు కారులో యాక్సిలరేటరు కొద్దిగా తొక్కితే, గాలి దారిలో ఉన్న థ్రాటిల్ అనే చిన్న తలుపు కొద్దిగానే తెరుచుకుంటుంది. సగం మూసిన ఆ తలుపు గుండా గాలి లాగడానికి ఇంజను ప్రతి చుట్టుకూ కష్టపడాలి. డీజిల్‌లో వేగాన్ని అదుపు చేసేది గాలి కాదు, చిమ్మే ఇంధనం. గాలి దారి తెరిచే ఉంటుంది. అందుకే తేలికపాటి లోడు మీద, ఖాళీగా ఆగి ఉన్నప్పుడు, రద్దీలో మెల్లగా నడిచేటప్పుడు డీజిల్ ఇంకా పొదుపు. మార్కాపురం ఆర్టీసీ డిపో బస్సు అయినా, పలకల లోడుతో బయల్దేరే లారీ అయినా ఆ ఇంజన్నే నమ్ముకోవడానికి ఇదో కారణం.

మూడో లాభం మాత్రం కొంచెం కనికట్టు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే, లీటరు డీజిల్‌లో సుమారు 36. పన్నెండు శాతం ఎక్కువ. కారణం డీజిల్ బరువైనది కావడమే; కిలో లెక్కన తూస్తే రెండింటి శక్తీ దాదాపు సమానం. మనం ఇంధనాన్ని తూకానికి కాక లీటర్లకు కొంటాం కాబట్టి డీజిల్ కారు మైలేజీలో కొంత భాగం ఇంజను గొప్పతనం కాదు, కొలత పుణ్యం. 2014 నాటి స్విఫ్టునే తీసుకుంటే, ప్రయోగశాల పరీక్షలో పెట్రోలు రకానికి లీటరుకు 20.4 కిలోమీటర్లు, డీజిల్ రకానికి 25.2 వచ్చాయి. తేడా 24 శాతం. అందులో సగం ఇంధనం చిక్కదనానిది, మిగతా సగం ఇంజనుది. ఆ సగాన్ని కూడా డీజిల్ ఇంజను తన ఎక్కువ బరువును మోసుకుంటూనే సాధించింది.

ఇక ధరల కథ. కేంద్రం 2010 జూన్‌లో పెట్రోలు ధరను మార్కెట్‌కు వదిలేసింది, డీజిల్‌ను మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. రైతు, లారీ, బస్సు, వీటి పేరు చెప్పి ఇచ్చిన ఆ రాయితీలో కొంత కార్లు కొన్నవాళ్ళూ పంచుకున్నారు. 2012 నాటి ఆ విచిత్రమైన గండి అలా ఏర్పడింది. 2013 జనవరి నుంచి నెలనెలా అర్ధరూపాయి చొప్పున డీజిల్ పెంచుకుంటూ పోయి, 2014 అక్టోబరులో దాన్నీ వదిలేశారు. 2017 జూన్ నుంచి రెండు ధరలూ రోజురోజుకీ మారడం మొదలైంది. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ఏకంగా పెట్రోలునే దాటింది. మారుతీ కంపెనీ అంతకు ఏడాది ముందే, 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు చేయబోమని ప్రకటించి ఉంది. స్విఫ్టు, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో లాంటి ఎన్నో కార్లకు గుండెకాయగా ఉన్న ఫియట్ వారి 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజను కూడా దాంతో ఆగిపోయింది. కొత్త కార్ల అమ్మకాల్లో డీజిల్ వాటా ఇప్పుడు ఐదో వంతుకు లోపే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్రోలు మీద 31 శాతం, డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్ వేస్తోంది. ఆపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, ఒక రూపాయి రోడ్డు సెస్సు రెండింటికీ ఉన్నాయి. ఈ లెక్కన 2025లో మన బంకుల్లో పెట్రోలు 110 రూపాయల దగ్గర, డీజిల్ 98 దగ్గర తిరిగాయి. తేడా పన్నెండు రూపాయలు.

కాస్త వయసు మీరిన చిన్న కారు మన రోడ్ల మీద పెట్రోలుతో లీటరుకు 16, డీజిల్‌తో 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 2012 నాటి ఢిల్లీ ధరలతో కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 4 రూపాయల 57 పైసలు, డీజిల్ ఖర్చు 2 రూపాయల 5 పైసలు. అంటే సగానికంటే తక్కువ. 2025 నాటి ఆంధ్ర ధరలతో పెట్రోలుకు 6 రూపాయల 90 పైసలు, డీజిల్‌కు 4 రూపాయల 90 పైసలు. ఇప్పుడు డీజిల్ ఖర్చు పెట్రోలు ఖర్చులో డెబ్బై శాతం. కిలోమీటరుకు రెండు రూపాయల మిగులు ఇంకా ఉంది. చిన్న మొత్తమేమీ కాదు గానీ, దాన్ని ఎన్ని కిలోమీటర్లతో హెచ్చవేస్తారన్నదే ఇప్పుడు ప్రశ్న.

మార్కాపురం నుంచి కంభం వైపు ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళొచ్చే టీచరు ఏడాదికి 220 పనిదినాల్లో 13,200 కిలోమీటర్లు తిరుగుతారు. మిగులు 26 వేల చిల్లర. నిజంగా లెక్కలోకి వచ్చే డబ్బు. అదే మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి దగ్గర కాపురముండి, కొట్టుకూ రైల్వే స్టేషనుకూ పిల్లల బడికీ కలిపి నెలకు మూడొందల కిలోమీటర్లు తిరిగే వ్యాపారికి ఏడాది మిగులు ఏడు వేలు. పాత డీజిల్ బండిలో ఒక్క టర్బో పాడైనా, ఇంజెక్టర్లు మార్చాల్సివచ్చినా ఆ మిగులు నాలుగైదేళ్ళది ఒకేసారి గ్యారేజీకి పోతుంది. ఊళ్ళో తిరిగే బండికి డీజిల్ కొనడం పొదుపు కాదు, సరదా.

ఈ ప్రాంతంలో డీజిల్‌కు ఇంకో బలమైన సాక్ష్యం ఉంది: నల్లమల. గిద్దలూరు నుంచి దిగువమెట్ట, గాజులపల్లె మీదుగా నంద్యాలకు అరవై పైచిలుకు కిలోమీటర్లు. మధ్యలో అడవి, ఎక్కుళ్ళు, మలుపులు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే ఘాటు సంగతి చెప్పనక్కర్లేదు. రాత్రిళ్ళు పులుల అభయారణ్యంలో వాహనాలు ఆపేస్తారు కనుక పగలే, బస్సుల వెనకా లారీల వెనకా మెల్లగా ఎక్కాలి. అక్కడ కావలసింది వేగం కాదు, మెల్లగా తిరిగేటప్పుడే పుట్టే లాగుడు. స్విఫ్టు డీజిల్ ఇంజను నిమిషానికి 2,000 చుట్ల దగ్గరే 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. అదే కారు 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఇచ్చేది సుమారు 114. అదీ 4,000 చుట్ల దగ్గర. ఐదుగురు కూర్చుని, ఏసీ వేసుకుని ఎక్కుతుంటే పెట్రోలు బండి రెండో గేరులో మూలుగుతుంది, డీజిల్ బండి మూడో గేరులో సాగిపోతుంది. మెకానిక్కులు 'పుల్లింగ్' అనేది దీన్నే.

దిగేటప్పుడు మాత్రం రెండు రకాల వాళ్ళూ ఒకే తప్పు చేస్తారు. ఇంధనం ఆదా అవుతుందని బండిని న్యూట్రల్‌లో వేసి జార్చేస్తారు. కార్బురేటర్ల కాలంలో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. ఇంజనును చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే అది ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం తాగుతూనే ఉంటుంది. పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. ఘాటు దిగేదారిలో న్యూట్రల్ వల్ల మిగిలేది ఏమీ లేదు, పోయేది ప్రాణం కావచ్చు.

ఇంతవరకు చూస్తే టీచరుకు డీజిల్, వ్యాపారికి పెట్రోలు అని తేలిపోయినట్టే ఉంటుంది. కానీ పాత కారు విషయంలో దాని పుట్టిన సంవత్సరం కూడా మాట్లాడుతుంది. కాలుష్య నిబంధనలు బీఎస్-4 నుంచి బీఎస్-6కు మారిన 2020 ఏప్రిల్ 1 దగ్గర డీజిల్ కార్లు రెండు జాతులుగా విడిపోయాయి.

డీజిల్ ఇంజనులో ఇంధనం గాలితో ముందే కలిసిపోదు. చిమ్మిన తుంపర చుట్టూ మంట పుడుతుంది. తుంపర లోపలి భాగానికి గాలి చాలక మసి ఏర్పడుతుంది. ఇంజను వేడి ఎక్కువ, గాలి మిగులు ఎక్కువ కావడంతో నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎక్కువే. పెట్రోలు కారు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరు, గాలి, పెట్రోలు పాళ్ళు కచ్చితంగా కుదిరినందువల్ల మూడు రకాల విషాలను ఒకేసారి శుభ్రం చేస్తుంది. గాలి ఎప్పుడూ మిగిలే డీజిల్‌లో ఆ సులువు పద్ధతి పనిచేయదు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మన దేశంలో కొత్త కార్లలో డీజిల్ వాటా శిఖరానికి చేరింది కూడా ఆ ఏడాది ప్రాంతంలోనే. 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీ పరీక్షలప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచేలా సాఫ్ట్‌వేరు పెట్టి అమెరికాలో దొరికిపోవడంతో ప్రపంచమంతా డీజిల్ పరువు పోయింది.

బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 0.25 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. బీఎస్-6కి ఆ హద్దు 0.08. మసి హద్దు 0.025 గ్రాముల నుంచి 0.0045కు పడిపోయింది. ఐదో వంతు కూడా కాదు. ఇంధనంలోనూ అదే వరస: బీఎస్-3 కాలపు డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళలో 350 దాకా ఉండేది, బీఎస్-4లో 50, ఇప్పుడు 10. ఆ మసి హద్దు అందుకోవడానికి బీఎస్-6 డీజిల్ కార్ల పొగగొట్టంలో ఒక వడపోత పెట్టారు. డీపీఎఫ్ అని పిలుస్తారు. కొనేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది దీని దగ్గరే.

డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయకపోతే అది మూసుకుపోతుంది. కాల్చడానికి వడపోత లోపల ఆరొందల డిగ్రీల దగ్గర వేడి కావాలి. రోడ్డు మీద బండి స్థిరమైన వేగంతో చాలాసేపు నడుస్తుంటే కంప్యూటరు కొంచెం అదనపు డీజిల్ చిమ్మి, ఆ వేడి పుట్టించి, మసిని పావుగంట అటూ ఇటూలో కాల్చేస్తుంది. డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. మార్కాపురం నుంచి ఒంగోలు వెళ్ళేవాళ్ళకు ఇదంతా దారిలోనే జరిగిపోతుంది. ఊళ్ళో బజారుకు వెళ్ళి ఐదు నిమిషాల్లో బండి ఆపేసేవాళ్ళకు కాల్చే పని సగంలో ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ పిస్టన్ పక్కల నుంచి కిందికి జారి ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరిగి ఉంటుంది. ఆయిల్ పెరిగిందని సంతోషించే విషయం కాదది. పలచబడిన ఆయిల్ బేరింగులను, టర్బోను తినేస్తుంది. చివరికి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది, బండి బలం తగ్గి ఈడుస్తుంది. ఆ వడపోతను పీకేసి ఖాళీ గొట్టం పెట్టిస్తే సరిపోతుందనే సలహా కూడా వినిపిస్తుంది. అది నిబంధనలకు విరుద్ధం.

కాబట్టి 2021 నాటి బీఎస్-6 డీజిల్‌ను ఊళ్ళోనే తిప్పిన యజమాని దగ్గర కొనడం కంటే, అదే బండిని హైవే మీద రెండింతలు తిప్పినవాడి దగ్గర కొనడం మేలు. 'తక్కువ తిరిగింది' అన్న మాట పెట్రోలు కారుకు మెచ్చుకోలు. బీఎస్-6 డీజిల్‌కు అది ప్రశ్న.

డీపీఎఫ్ బెడద లేని బీఎస్-4 డీజిళ్ళ మీద మెకానిక్కులకు మక్కువ ఎక్కువ. అర్థం చేసుకోదగ్గదే. మల్టీజెట్ ఇంజన్లు లక్షల్లో తయారయ్యాయి గనుక విడిభాగాలకు కొరత లేదు, విప్పి బిగించడం తెలియని గ్యారేజీ లేదు. కానీ అవి కూడా అతి ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజన్లే. పాత ఆయిల్ ఇంజనులాగా ఏది పోస్తే అది తాగవు. పంపులో, ఇంజెక్టరులో కదిలే భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో కొద్ది వంతే. ఒత్తిడి వెయ్యి బార్‌లను దాటుతుంది. డీజిల్ తోపాటు నాలుగు చుక్కల నీళ్ళు వచ్చినా ఆ భాగాలకు చేటే. డీజిల్ ఫిల్టరును వేళకు మార్చని బండికి ఎంత తక్కువ ధర చెప్పినా ఎక్కువే.

పెట్రోలు వైపూ ఒక కొత్త మెలిక పడింది. 2025 నాటికి దేశమంతా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. లీటరు ఇథనాల్‌లో శక్తి 21 మెగాజౌళ్ళే. లెక్క వేస్తే ఇప్పటి లీటరు 'పెట్రోలు'లో ఉన్నది ముప్ఫైకి కొంచెం లోపు. డీజిల్‌కు లీటరు మీద పన్నెండు శాతం ఉన్న ఆధిక్యం దాంతో ఇరవై దాకా పెరిగిందన్నమాట. ధరలో పోగొట్టుకున్నదాంట్లో కొంత డీజిల్‌కు ఈ దారిన తిరిగి వచ్చింది. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై పదిశాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ నివేదికే 2021లో అంచనా వేసింది; కొత్తగా దీనికోసమే సరిచేసిన కార్లలో ఆ నష్టం ఒకటి రెండు శాతమే. మైలేజీ కంటే ముఖ్యమైనది రబ్బరు. ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బరు గొట్టాలను, సీళ్ళను ఉబ్బించి పగలగొడుతుంది. పైగా అది నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా పడి ఉన్న బండి ట్యాంకులో నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. 2010 నాటి పెట్రోలు కారు కొంటే ఇంధన గొట్టాలు, పంపు సీళ్ళు ఒకసారి మార్పించుకోవడం దండగ ఖర్చు కాదు.

చలిదేశాల్లో డీజిల్ కార్లకు మరో బాధ ఉంటుంది: గడ్డకట్టే చలికి డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మార్కాపురానికి ఆ చింత లేదు. ఇక్కడి బాధ దుమ్ము. పలకల గనుల దారుల్లో, కంకర తేలిన పల్లె రోడ్ల మీద లేచే రాతిపొడి గాలి ఫిల్టరును తొందరగా పట్టేస్తుంది. టర్బో ఉన్న డీజిల్ ఇంజను అదే దూరానికి పెట్రోలు కంటే చాలా ఎక్కువ గాలి పీలుస్తుంది గనుక దాని ఫిల్టరుకు పని ఎక్కువ. ఫిల్టరు చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా రాతిపొడి సిలిండరు గోడలను గీరేస్తుంది. పుస్తకంలో రాసిన గడువుకు ముందే దాన్ని తీసి చూసుకోవాల్సిన ప్రాంతమిది.

బండి చూడటానికి వెళ్ళేటప్పుడు పొద్దున్నే, ముందుగా చెప్పకుండా వెళ్ళడం మంచిది. బానెట్ మీద చెయ్యి వేసి చూస్తే అప్పటికే వేడెక్కించి పెట్టారో లేదో తెలుస్తుంది. చల్లటి ఇంజను స్టార్టు అయ్యే తీరులోనే దాని వయసు బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని. తొక్కినప్పుడు దట్టంగా నల్లపొగ వస్తే ఇంజెక్టర్లలోనో టర్బోలోనో గాలి దారిలోనో తేడా అని. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో అని అనుమానించాలి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే ఆవిరిలా పొగ ఎగదన్నుతుంటే రింగులు అరిగాయన్నమాట. డిప్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం డీజిల్ బండిని కాదనకూడదు. మార్చిన కొద్ది రోజులకే అది నల్లబడటం దాని సహజం. మీటరు రీడింగు కంటే బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగు తోలు, డ్రైవరు సీటు అంచు నిజం చెబుతాయి. లక్షా ఇరవై వేలు తిరిగిందని చెప్పే డీజిల్ డిజైర్ పెడల్ నున్నగా అరిగి ఉంటే, అది మొదట ట్యాక్సీయేమోనని ఆర్సీ చరిత్ర అడగాలి.

ఇంకో రకం బండి ఉంది: చూడగానే ధర నమ్మలేనంత తక్కువ, కండిషను మాత్రం నవనవలాడుతూ. ఢిల్లీ నంబరు ప్లేటు. పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. అక్కడ కాలం తీరిన కార్లు ఇతర రాష్ట్రాలకు తరలాయి. కొనడంలో తప్పులేదు. అయితే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ, బ్యాంకు అప్పు తీరిందన్న పత్రం, ఇక్కడ తిరిగి రిజిస్ట్రేషను, బండి వయసును బట్టి మన రాష్ట్రానికి కట్టే జీవితకాల పన్ను, ఇవన్నీ కలిపాక ఆ చౌక ఎంత మిగులుతుందో చూసుకోవాలి. పత్రాలు చేతికి రాకముందు మొత్తం డబ్బు ఇచ్చేవాళ్ళు తర్వాత చాలాసార్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

సొంత రాష్ట్రం బండికైనా రిజిస్ట్రేషను గడువు పదిహేనేళ్ళే. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఆరొందలుగా ఉన్న కారు పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేసింది. పాత బండికి హరిత పన్ను వేరే. డీజిల్ మోజు ఉధృతంగా ఉన్న 2012లో రోడ్డెక్కిన కార్లకు ఆ గడువు 2027లో వస్తుంది. కంభం దారిలో రోజూ అరవై కిలోమీటర్లు తిరగడానికి అలాంటి స్విఫ్టును బేరమాడుతున్నవాళ్ళు ఆర్సీ మీది తేదీ చూపించి, ఆ రుసుమూ పన్నూ ఫిట్‌నెస్‌కు ముందు చేయించాల్సిన రిపేర్లూ లెక్కగట్టి, అంత మేరకు ధర తగ్గించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.